సవరణ: మలబద్ధకానికి ప్రోబయోటిక్‌లు, ఇసబ్‌గోల్ మోతాదు
దీర్ఘకాలిక మలబద్ధకంపై ముందు పెట్టిన పోస్టులో "ఏ ప్రోబయోటిక్ అయినా ఒకటే, ఇసబ్‌గోల్ ఒక చెంచా చాలు" అని ఉంది. ఆ రెండు మాటలూ ఇలా మార్చి చదవండి. ప్రోబయోటిక్‌లంటే పేగులకు మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు.

తిరుపతి మందుల షాపుల్లో అడగ్గానే చేతికిచ్చే బాసిల్లస్ క్లాసీ, శాకరోమైసిస్ బౌలార్డీ అనే ప్రోబయోటిక్‌లు ప్రధానంగా నీళ్ల విరేచనాలు తగ్గడానికి వాడేవి. మలబద్ధకంలో ఎక్కువగా పరీక్షించిన వాటిలో బైఫిడోబాక్టీరియం లాక్టిస్ ఒకటి. దాని ఫలితాలూ ఒకేలా రాలేదు. నాలుగు వారాల్లో తేడా కనిపించకపోతే ఆపేయండి, ఆపైన డబ్బు దండగే. మల మార్పిడి చికిత్స (ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవులను రోగి పేగులోకి ఎక్కించడం) సంగతికొస్తే, 2022లో అమెరికా ఆమోదించింది మళ్లీ మళ్లీ వచ్చే సి. డిఫిసిల్ (తీవ్ర విరేచనాలు తెచ్చే పేగు బ్యాక్టీరియా) ఇన్‌ఫెక్షన్ అడ్డుకోవడానికి, మలబద్ధకానికి కాదు.

ఇసబ్‌గోల్ పొట్టు బాగా తేలిక, చెంచా లెక్క నమ్మకండి, తూచుకోండి. రోజుకు 5 గ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 10కి పెంచాలి. ప్రతి 5 గ్రాములకు 240 మిల్లీలీటర్ల నీళ్లు, కలిపిన వెంటనే, జిగురు కట్టకముందే తాగాలి. నీళ్లు తగ్గితే గొంతులోనో పేగులోనో ముద్దకట్టి అడ్డం పడుతుంది. మిగతా మాత్రలకు రెండు గంటల ఎడం ఇవ్వాలి. రోజూ రాగి సంగటి తినేవాళ్లకు పీచు కొంత అందుతూనే ఉంటుంది (100 గ్రాముల రాగుల్లో సుమారు 11 గ్రాములు). మజ్జిగ పులుసు మాత్రం ప్రోబయోటిక్ లెక్కలోకి రాదు, మరిగితే మజ్జిగలోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

మలం మెత్తగా ఉన్నా ముక్కాల్సి వస్తోందంటే లోపం కటి కండరాల్లో (మలద్వారం చుట్టూ ఉండేవి) ఉండొచ్చు. దానికి బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ (కండరాల పనితీరును పరికరంలో చూసుకుంటూ వాటిని సడలించడం నేర్చుకోవడం) కావాలి. రక్తం పడినా, బరువు తగ్గినా నేరుగా గ్యాస్ట్రో డాక్టర్‌కు చూపించండి.