సవరణ: ఫ్రేజియర్ ఎడమ హుక్ గురించి

హనుమకొండలో బాక్సింగ్ నేర్చుకునే పిల్లల కోసం మొన్న పెట్టిన పోస్టులో పాత అమెరికా హెవీవెయిట్ బాక్సర్ గురించి "జో ఫ్రేజియర్‌కు ఎడమ హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి కొట్టే గుద్దు) తప్ప ఏమీ రాదు, పరిమితమైన బాక్సర్" అని రాసిన. అది తప్పు.

1971 మార్చి 8న ముహమ్మద్ అలీతో జరిగిన పోటీ వీడియో మొత్తం చూస్తే తెలుస్తది. ఎదుటివాడి జాబ్ (ముందు చేత్తో నేరుగా కొట్టే గుద్దు) కిందికి తల వంచి, బరువు ఎడమ కాలి మీదికి తెచ్చి, మొదట పక్కటెముకలకు కొట్టి, ఆ తర్వాతే దవడకు హుక్. 15వ రౌండులో అలీ పడ్డది ఆ హుక్‌కే. దెబ్బ ఒక్కటే, దాని వెనక పని మస్తు ఉంది.

ఇబ్బంది ఎదుటివాణ్ని బట్టి వస్తది. 1973లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ అనే బాక్సర్ ఫ్రేజియర్‌ను చేతులతో వెనక్కి నెట్టి, వంగినప్పుడు అప్పర్‌కట్ (కింది నుంచి పైకి కొట్టే గుద్దు) వేసిండు. రెండు రౌండ్లలోనే ఫ్రేజియర్ ఆరుసార్లు పడ్డడు.

హుక్ ప్రాక్టీసు మానొద్దు. వంగినప్పుడు కుడి చెయ్యి మాత్రం గదవ దగ్గరి నుంచి దించకండి.