అశోకుడు నాటించెను, మేక మేసెను

రోడ్డుకు ఇరువైపులా చెట్లు నాటించినది అశోకుడని చిన్నప్పుడు పరీక్షల్లో రాసి అందరం మార్కులు కొట్టేశాం. ఆ సంగతి చెక్కిన బండ మన కర్నూలు జిల్లాలోనే, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి దగ్గర ఉంది. అంటే మొక్కలు నాటడంలో మాకు 2,200 ఏళ్లు దాటిన అనుభవం ఉందని సవినయంగా మనవి.

ఆ అనుభవంతోనే జూన్ 5న ఇరవై మొక్కలతో మా వీధిని సుందరీకరించాం. అది ప్రపంచ పర్యావరణ దినమని 1973 నుంచి అందరికీ తెలుసు, కర్నూలు మేఘాలకు తప్ప.

ఏడింటికి రమ్మంటే తొమ్మిదిన్నరకు మొదలైంది. బ్యానర్ రావాలి కదా! గుంత తవ్వే శ్రమ మాత్రం లేదు. పోయినేడాది మొక్క ఎండిపోయిన గుంత సిద్ధంగా ఉంది. అంతకుముందు ఏడాదిదీ అదే గుంత. ఒక్క వేపమొక్కను పదకొండు మంది పట్టుకున్నారు. పాడె మోయడానికైనా నలుగురు చాలు. వేళ్లకున్న నల్ల కవరు తీయండయ్యా అంటే "ఉండన్నా, ఫొటో అయినాక" అన్నారు. ఫొటో అయినాక ఉగ్గాని బజ్జీ వచ్చింది. కవరు అలాగే మట్టిలోకి పోయింది.

మొక్క జానెడు, ట్రీగార్డు మీద దాత పేరున్న రేకు మూరెడు. నీళ్లు పోసే బాధ్యత వాట్సాప్ గ్రూపుకు అప్పగించాం. అందరూ బొటనవేలు పెట్టారు, బిందె ఎవరూ పట్టలేదు. నిజానికి ఆ శాసనంలో చెట్లతో పాటు బావులు తవ్వించిన సంగతీ ఉంది. మా సిలబస్ చెట్ల దగ్గరే ఆగిపోయింది.

అదే శాసనంలో ఇంకో మాట: ఇదంతా పశువులకూ మనుషులకూ ఉపయోగపడాలని. అందులో సగం పది రోజుల్లో నెరవేర్చాం. మా వీధి మేక వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు సరిగ్గా దాత పేరు మీద ఆనించి, మెడ చాచి, చిగుళ్లన్నీ ఒక్కొక్కటే తీరిగ్గా నమిలింది. అశోకుడు చూసుంటే పొంగిపోయేవాడు.

నాటిన ఇరవైలో ఒక్క కానుగ బతికింది. ఆ కానుగాకు మా మేకకు రుచించలేదు. పైగా అది టీ బంకు పక్కన ఉంది. గ్లాసులు కడిగిన నీళ్లు బంకు అక్క రోజూ దాని మొదట్లోనే పారబోస్తుంది. ఆమె ఏ ఫొటోలోనూ లేదు.

వచ్చే జూన్‌కు ఏర్పాట్లు అప్పుడే మొదలయ్యాయి. ఈసారి బ్యానర్ ఆ కానుగకే కడతారట, ఫొటోకు కాస్త నీడ ఉంటుందని. గుంత మాత్రం పాతదే.