మేకు కొడితే మామిడి పూయదు

ఏటా పుష్యమాసం వచ్చేసరికి, పక్కింటి చెట్టు పూసి మనింటి చెట్టు ఆకులతో పచ్చగా నిలబడిందంటే చాలు, ఫోన్లో ఒక సందేశం వచ్చి పడుతుంది. కాయని మామిడిని కాయించే చిట్కాలట. తిరుపతి కాలనీ గ్రూపుల్లోనూ చిత్తూరు మిద్దెతోటల గ్రూపుల్లోనూ ఇది తిరగని శీతాకాలం లేదు. సంగతి క్లుప్తంగా ఇదీ: మొదలుకు ఇనుప మేకులు కొట్టాలి. పాదులో కిలో రాళ్లుప్పు వేయాలి. పూతకు ముందు రోజూ నీళ్లు పట్టాలి. అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు, ఎప్సమ్ సాల్ట్ పోయాలి. మామిడికి కత్తెర తగలనీయకూడదు. అంటు మొక్క పదిహేనేళ్లకే చచ్చిపోతుంది కాబట్టి టెంక మొక్కే నాటాలి. ఇన్ని చేసినా పూయకపోతే అది మగ చెట్టు, కొట్టేయాలి. ఇవన్నీ జామకూ నిమ్మకూ సపోటాకూ కూడా పనిచేస్తాయని చివర్లో ఒక కొసమెరుపు.

ఈ సందేశం పుట్టే కాలంలోనే అసలు తిరకాసు ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో పూత రాలేదని బెంగపడే చెట్టుకు ఆ పూత ఉండేదీ లేనిదీ జులై నుంచి అక్టోబరు లోపలే చాలావరకు తేలిపోయి ఉంటుంది. మామిడి పూసేది రెమ్మ చివరన. కాయలు కోశాక వచ్చిన ఇగురు (కొత్త చిగురు) ముదరడానికి నాలుగైదు నెలలు పడుతుంది. అలా ముదిరిన రెమ్మకు వానలు తగ్గాక కాస్త ఎండు, రాత్రిపూట చలి తగిలితే చివరి మొగ్గ పూమొగ్గగా మారుతుంది. రెమ్మ లేతగా ఉంటే ఎంత చలి పడినా ఆకే వేస్తుంది. మీ చెట్టు ఏ దశలో ఉందో తెలుసుకోవాలంటే నవంబరు చివర్లో కొమ్మ చివరి ఆకును మధ్యకు మడిచి చూడండి. ముదురు ఆకు తోలులా దళసరిగా ఉండి పటుక్కున విరుగుతుంది, కొన మొగ్గ లావెక్కి ఉంటుంది. లేత ఆకు మెత్తగా వంగుతుంది, రంగులో ఇంకా ఎరుపో లేత పసుపో మిగిలి ఉంటుంది. రెండోది కనిపిస్తే ఆ కొమ్మ మీద ఈ ఏటికి ఆశ తక్కువ.

ఇప్పుడు మేకు సంగతి. దీనికి రెండు సమర్థనలు చెబుతారు. మేకులోని ఇనుము చెట్టుకు అందుతుందన్నది ఒకటి. మేకు తుప్పు పట్టి కట్టెలో ఉండిపోతుందే తప్ప ఆకు దాకా చేరే ఇనుము అందులోంచి రాదు. నిజంగా ఇనుము లోపిస్తే లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కుతుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో, ఇంటి కట్టుబడి మిగులు సిమెంటు, సున్నం గుంతలో పూడ్చేసిన చోట ఇది మామూలే. దానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి కొత్త ఆకుల మీద పిచికారీ చేయాలి. రెండో సమర్థన, చెట్టుకు దెబ్బ తగిలితే భయపడి పూస్తుందని. కొమ్మ చుట్టూ బెరడు ఉంగరంలా తీస్తే ఆకుల్లో తయారైన పిండిపదార్థం వేళ్లకు దిగకుండా పైనే నిలిచి పూతకు తోడ్పడే మాట నిజమే. కానీ అది కొలిచి చేసే పని, తప్పితే ఆ కొమ్మ ఎండిపోతుంది. మేకు చేసేది ఉంగరం కాదు, చిల్లు. ఆ చిల్లు నుంచి బంక కారుతుంది, తెగులు లోపలికి పోతుంది, చితికిన బెరడు కాండం తొలిచే పురుగుకు గుడ్లు పెట్టే చోటవుతుంది. మాను అడుగున రంపపు పొట్టు లాంటిది రాలి కనిపిస్తే పురుగు లోపల ఉన్నట్టే. రంధ్రంలోకి సన్నని తీగ పోనిచ్చి పురుగును గుచ్చి లాగాలి, పెట్రోలులో ముంచిన దూది కుక్కి బంకమట్టితో మూసేయాలి.

ఇప్పటికే కొట్టిన మేకు పైకి తేలి ఉంటే పీకేసి, గాయానికి బోర్డో పేస్టు రాయండి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో విడివిడిగా కరిగించి, రెంటినీ కలపాలి. ప్లాస్టిక్ బకెట్ వాడండి, ఇనుప పాత్ర వద్దు. కలిపాక మెరిసే ఇనుప చాకును అందులో ముంచి తీస్తే దాని మీద రాగి పొర ఎర్రగా పడకూడదు. పడితే సున్నం చాలలేదని అర్థం, ఇంకాస్త కలపాలి. పాత మేకు కట్టెలో పూర్తిగా కలిసిపోయి ఉంటే దాన్ని తవ్వబోకండి, ఆ గాయం ఇంకా పెద్దది.

ఉప్పు మాత్రం మేకు కంటే ప్రమాదం. ఇది కొబ్బరి నుంచి మామిడికి ఎగబాకిన అలవాటు. కొబ్బరికి క్లోరిన్ అవసరం ఎక్కువ, ఉప్పును తట్టుకోగలదు, అందుకే దాని గుంతలో ఉప్పు వేయడంలో అర్థం ఉంది. మామిడి ఉప్పును బొత్తిగా ఓర్చుకోలేని చెట్టు. కిలో ఉప్పులో దాదాపు 390 గ్రాములు సోడియమే. అది మట్టి రేణువులను విడగొట్టి నేలను బిగదీస్తుంది, నీరు ఇంకదు, వేరుకు గాలి ఆడదు. ముదురు ఆకుల కొనలు, అంచులు కాల్చినట్టు గోధుమరంగుకు తిరిగితే మొదట ఉప్పునే అనుమానించాలి. ఉప్పు వేసిన చెట్టు ఒక్కోసారి ఆకు రాల్చి పూసిన మాట కూడా వింటుంటాం. ఆ దెబ్బతో పూసిందో, ఎలాగూ పూసేదే పూసిందో చెప్పలేం గానీ, మట్టిలో చేరిన సోడియం మాత్రం ఆ ఒక్క ఏడాదితో పోదు.

ఉప్పు వేసేసినవారు వెంటనే పాదులో పై రెండు అంగుళాల మట్టి తీసి బయట పారేయండి. ఎంత ఉప్పు వేశారో దానికి ఒకటిన్నర రెట్లు జిప్సం చల్లి, పైపైన గుల్లచేసి, మంచి నీటితో పాదు నిండా రెండు మూడుసార్లు తడపండి. నీరు కిందికి దిగిపోయే నేల అయితేనే ఇది ఫలిస్తుంది.

దీని తమ్ముడు లాంటిది ఇంకొకటి ఇళ్లలో ఎవరూ పట్టించుకోకుండా జరిగిపోతుంటుంది. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్ల పైపు తెచ్చి మామిడి పాదులో పెట్టడం. బోరు నీటిలోని లవణాలు ఆ నీళ్లలో చిక్కబడి ఉంటాయి. ఏడాది పొడుగునా అవే పోస్తే, ఉప్పు సందేశం చదవని ఇంట్లో కూడా చెట్టు ఆకు అంచులు మాడతాయి. ఆ నీళ్లు అంట్లకో, నేల తుడవడానికో వాడుకోండి.

ఇక నీళ్లు. పూతకు ముందు రోజూ తడపాలన్న సలహా మామిడి స్వభావానికి సరిగ్గా ఎదురు. మనకు ఈశాన్య రుతుపవనం ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరుపతి, శ్రీకాళహస్తి వైపు వానలు గట్టిగానే పడతాయి, చిత్తూరు పడమటి మండలాలకు వెళ్లేకొద్దీ తగ్గుతాయి. వాన ఎక్కువ రోజులు సాగిన ఏడు పూత ఆలస్యం కావడం, కొమ్మలు మళ్లీ ఇగుర్లు వేయడం ఇక్కడి తోటల్లో అందరికీ తెలిసిందే. వానను ఆపలేం గానీ, దానికి మన గొట్టం తోడుచేయక్కర్లేదు. కాపుకొచ్చిన చెట్టుకు నవంబరు నుంచి నీళ్లు మానేయండి. పాదు గట్టు ఒక పక్క తెగ్గొట్టి వాన నీరు నిలవకుండా బయటికి పంపండి. పిందె శనగ గింజంత అయ్యాకే మళ్లీ తడి మొదలుపెట్టాలి. అప్పుడు ఐదారేళ్ల చెట్టుకు వారానికి ఒకసారి ఐదారు బకెట్లు పోస్తే సరిపోతుంది. కోతకు రెండు మూడు వారాల ముందు ఆపేస్తే కాయకు తీపి బాగా పడుతుంది. మూడేళ్ల లోపు మొక్కకు ఈ లెక్క వర్తించదు, దాన్ని ఎండబెట్టకూడదు.

నీళ్లు పోయడం లేదు కదా, మరెందుకు పూయలేదు అనే ఇళ్లలో స్నానాల గది, తొట్టి దగ్గరి మురుగు ఎటు పోతోందో చూడండి. చాలా చోట్ల ఆ గొట్టం చివర మామిడి చెట్టే ఉంటుంది. వేరు ఎప్పుడూ తడిలో ఉంటే చెట్టుకు విశ్రాంతి దొరకదు, ఏడాదికి నాలుగు ఇగుర్లు వేస్తుంది, నల్లగా నిగనిగలాడుతుంది, పూయదు. ఆ నీటిని శీతాకాలం మూడు నెలలు అరటికో కరివేపాకుకో మళ్లించండి.

అరటి తొక్కల గురించి ఎక్కువ చెప్పేది లేదు. వాటిలో పొటాష్ ఉంది, కంపోస్టులో వేయండి, పూత మాత్రం వాటి చేతిలో లేదు. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం లోటుకు మందు, పూతకు కాదు. ఎరువు వేయాలంటే వేళకు, చోటు చూసి వేయాలి. మన రాష్ట్రంలో చెప్పే మోతాదు మొదటి ఏడు మొక్కకు నత్రజని, భాస్వరం, పొటాష్ తలా 100 గ్రాములు, ఏటా అంతే పెంచుకుంటూ పదేళ్లకు తలా కిలో. బస్తాల లెక్కలో 100 గ్రాములంటే యూరియా సుమారు 220 గ్రాములు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 625 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 170 గ్రాములు. ఇది తోట లెక్క. పెరట్లో దిబ్బ ఎరువు దండిగా వేసేవారు యూరియా సగానికి తగ్గించడమే మేలు. కోత అయిన వెంటనే, జూన్-జులైలో, మాను మొదట్లో కాకుండా మధ్యాహ్నపు నీడ అంచు కింద గుండ్రంగా కాలువ తీసి వేసి మట్టి కప్పండి. పీల్చే వేళ్లు ఉండేది అక్కడే. సెప్టెంబరు దాటాక యూరియా ముట్టుకోవద్దు, ఆలస్యపు ఇగురు దానివల్లే వస్తుంది.

మామిడికి కత్తెర తగలకూడదన్న మాట సగం నిజం. అక్టోబరు తర్వాత కొమ్మ కొడితే ఆ ఏటి పూతను కొట్టినట్టే. కోత అవగానే కొడితే కొత్త ఇగురు ముదరడానికి సమయం దొరుకుతుంది. బేనిషా (బంగినపల్లి), ఖాదర్ లాంటి రకాలు ముందు కోతకొస్తాయి కాబట్టి జూన్‌లోనే, తోతాపురి ఆలస్యంగా దిగుతుంది కాబట్టి జులై చివరికల్లా ముగించండి. ఎండు పుల్లలు, పోయినేటి పూగుత్తుల తొడిమలు, లోపలికి పెరిగి ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు తీసేసి నడినెత్తిన ఎండ దూరేలా తెరవాలి. రెండు మేడల సందులో పెరిగి రోజుకు మూడు గంటల ఎండ కూడా తగలని చెట్టుకు ఏ చిట్కా చేసినా ఫలితం ఉండదు. మిద్దె ఎత్తు దాటి ఎండ అందుకున్న కొమ్మ ఒక్కటే పూస్తుంది, గమనించండి.

అంటు మొక్క పదిహేనేళ్లకే పోతుందట. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకు కాయ పంపే తోతాపురి తోటలు దాదాపు అన్నీ అంటు చెట్లే, వాటిలో దశాబ్దాల వయసున్నవి ఎన్నో. అంటు మొక్క మూడు నాలుగేళ్లకే పూత చూపిస్తుంది. టెంక మొక్కకు ఆరేడేళ్లు, ఒక్కోసారి పదేళ్లు పడుతుంది. పైగా బేనిషా టెంక నాటితే బేనిషా రాదు, ఏ పుప్పొడి కలిసిందో దాని గుణం కూడా వస్తుంది. మరి అంటు మొక్కలు చిన్నతనంలోనే పోయే మాట ఎక్కడిది? రైల్వే కోడూరు నర్సరీల నుంచో ఇంకెక్కడి నుంచో తెచ్చిన మొక్కను మనం నాటే తీరులో ఉంది లోపం. అంటు కట్టిన చోట చుట్టిన ప్లాస్టిక్ పట్టీని విప్పకుండా నాటేస్తాం. మాను లావెక్కేకొద్దీ పట్టీ లోపలికి కోసుకుపోయి, ఒక గట్టి గాలికి మొక్క సరిగ్గా అక్కడే విరుగుతుంది. అతుకు బాగా పట్టిందని చూసుకుని బ్లేడుతో నిలువునా ఒక గీత గీసి పట్టీ తీసేయండి. అతుకు నేలకు జానెడు పైన ఉండాలి, మట్టిలో పూడకూడదు. అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లు టెంక మొక్కవి, వేళ్లతో గిల్లేయాలి. వాటిని వదిలేస్తే అవే పైచేయి అవుతాయి, నాలుగేళ్లకు "బేనిషా అని ఇచ్చి నాటు కాయ ఇచ్చాడు" అని నర్సరీవాణ్ని తిట్టుకుంటాం.

మగ చెట్టు వాదన వినడానికి శాస్త్రంలా ఉంటుంది. బొప్పాయిలో, తాటిలో మగ చెట్లున్నాయి, నిజం. మామిడిలో లేవు. ఒకే పూగుత్తిలో మగ పూలూ, ఆడ మగ భాగాలు రెండూ ఉన్న పూలూ కలిసే ఉంటాయి. రెండో రకమే కాయగా మారుతుంది, అందులోనూ నూటికి ఒకటి కూడా కోత దాకా నిలవదు. కాబట్టి పిందె రాలిందని గాభరా పడక్కర్లేదు. పూత బాగా వచ్చి పిందే పట్టకపోతే చూడాల్సింది తేనెమంచు పురుగును, బూడిద తెగులును. ఆకుల మీద జిగురు, దాని మీద నల్లటి మసి ఉంటే మొదటిది. గుత్తి మీద తెల్లటి పొడి ఉంటే రెండోది. మొగ్గ దశలోనే, పూలు విచ్చకముందు, పురుగుకు లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కాస్త సబ్బునీళ్లతో కలిపి, బూడిదకు లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం, రెంటికీ మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉండేలా సాయంత్రం పూట కొట్టండి. పూలు విచ్చాక ఏ పురుగుమందూ వద్దు. మామిడికి పుప్పొడి మోసేవి ఎక్కువగా ఈగలే, వాటినీ చంపేసి పిందె కోసం చూడటం దండగ.

చివరగా, ఇవే చిట్కాలు అన్ని చెట్లకూ అన్న మాట. జామ కొత్త ఇగురు మీదే పూస్తుంది, కాబట్టి దానికి కొమ్మ కత్తిరింపు, ఆపై ఎరువు, నీళ్లు పూత తెప్పిస్తాయి. మామిడిని చెడగొట్టే పనే జామకు మంచిది. నిమ్మను కొంతకాలం ఎండగట్టి మళ్లీ తడిపితే పూస్తుంది, అయితే మన అక్టోబరు వానల్లో ఆ ఎండు దొరకడం కష్టం. వానాకాలంలో దాని ఆకుల మీద గజ్జి మచ్చలొస్తే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టి, మచ్చలున్న పుల్లలు కోసి కాల్చేయాలి. సపోటాకు కత్తెర దాదాపు అవసరమే లేదు. ఎండు కొమ్మలు, అతుకు కింద నుంచి వచ్చే పాలచెట్టు చిగుళ్లు (సపోటా అంటు కట్టేది ఆ మొక్క మీదే) తీసేసి, ఎండాకాలంలో తడి ఆరకుండా చూస్తే అది ఏడాదిలో చాలా నెలలు తనంతట తానే పూస్తుంది, కాస్తుంది.