ఐగోర్ వీపు మీది గూనికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గూని గారికి, పాత భూతాల సినిమాల వీరాభిమానులు రాయునది.

ముందు తమరి పత్రాల సంగతి తేలాలి. ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాల్లో భూతాన్ని తయారుచేసే డాక్టరుకి గూని సహాయకుడంటే జనానికి గుర్తొచ్చే ఐగోర్ అనే పేరు 1939 నాటి 'సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'లోది. అందులో బేలా లుగోసీ వేసిన ఐగోర్‌కి గూనే లేదు. ఉరి తీసినా చావక మెడ వంకరపోయిన మనిషి. గూని ఉన్నది 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్'లో డ్వైట్ ఫ్రై వేసిన సహాయకుడు ఫ్రిట్జ్‌కి. వీపు ఒకరిది, పేరు ఇంకొకరిది. దీన్ని బినామీ అనక ఏమంటారు?

పోనీ ఒకచోట ఉంటారా అంటే అదీ లేదు. 1974లో మెల్ బ్రూక్స్ ఆ పాత సినిమాలకి పేరడీగా తీసిన 'యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్'లో ఒక సీన్లో ఒక భుజం మీద, ఇంకో సీన్లో రెండో భుజం మీద కాపురం. ఐగోర్ వేషం కట్టిన మార్టీ ఫెల్డ్‌మన్ చెప్పాపెట్టకుండా తమర్ని మారుస్తూపోతే, యూనిట్‌కి అంతుపట్టడానికే కొన్నాళ్లు పట్టింది.

చుట్టూ వాతావరణం చూస్తే మహా నిష్ఠ. ల్యాబ్‌లో చిటపటలాడే యంత్రాలు 1931 సినిమాకి కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ చేసినవే. ఆయన దాచుకున్నవాటినే తెచ్చి వాడారు. బ్లాక్ అండ్ వైట్ కుదరదన్న కొలంబియా స్టూడియోని వదిలేసి ఫాక్స్‌కి వెళ్లారు. ఆ పట్టుదలకి అర్థముంది. 1931లో భూతం వేషం వేసిన కార్లాఫ్ ముఖానికి మేకప్‌మ్యాన్ జాక్ పియర్స్ వేసిన ఆకుపచ్చ పూత నలుపు తెలుపుల్లో శవంలా పాలిపోయి కనిపిస్తుంది. రంగుల్లో అయితే మొహం పొట్లకాయే.

ఇంత పద్ధతి మధ్య ఒక్క తమరే తప్పుకోవడం వల్లే నవ్వొస్తుంది. ఇది తెలియక అనుకరించేవాళ్లు పాడైపోతున్నారు. షాట్ నడుస్తుండగానే గూని జరుపుతారు, 'టొయ్' అని సౌండు వేస్తారు, పక్కవాడిచేత కెమెరాకేసి చూపిస్తారు. మారాల్సింది కట్‌కీ కట్‌కీ మధ్య, చప్పుడు లేకుండా. డాక్టరు వేషంలో జీన్ వైల్డర్ 'ఇది అటువైపు ఉండేది కదా' అని అడిగేసరికి ప్రేక్షకుడికి అప్పటికే అనుమానం మొదలై ఉండాలి. ఐగోర్‌కి మాత్రం ఏమీ తెలియదు. తెలిసినట్టు ఒక్క కన్నుగీటినా జోకు చచ్చినట్టే.

1948లో హాస్య జంట అబాట్, కాస్టెల్లోలు ఫ్రాంకెన్‌స్టైన్ భూతాన్ని కలిసిన సినిమాలోనూ ఇదే కిటుకు. లుగోసీ డ్రాక్యులాగా ఒక్క జోకూ వేయడు. హడలిపోవడం, నవ్వించడం కాస్టెల్లో డ్యూటీ. అయితే అందులో ఒకచోట డ్రాక్యులా అద్దంలో కనబడిపోయాడు. పిశాచికి ప్రతిబింబం ఉండకూడదు. అది తమరిలా కావాలని చేసింది కాదు, ఉత్త పొరపాటు. ఆ అద్దానికి వేరే ఉత్తరం రాస్తున్నాం.