హాలీ రేటింగు, కల్దార్ రేటింగు

కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్ గేటుకు మూడు వారాలుగా ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. రెండో అంతస్తులో ఉండే తొమ్మిదేళ్ల బాబు ఫోనులోని చదరంగ యంత్రాన్ని 2200 రేటింగు (ఆట బలాన్ని కొలిచే అంకె) మీద ఓడించాడన్నది దాని సారాంశం. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 2024 డిసెంబరు జాబితాలో మన ఓరుగల్లు గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఇరిగేశికి ఉన్నది 2801 మాత్రమే కనుక, మిగిలిన 601 పాయింట్లూ వేసవి శిబిరంలో పూర్తి చేయిస్తామని కోచింగ్ సెంటరు వారు సెలవిచ్చారు.

సెల్లారులో సన్మానం జరిగింది. ఓడిన ఫోనుకూ పీట వేసి, బొట్టు పెట్టి, చార్జింగు తీగ తగిలించారు. దాని క్రీడాస్ఫూర్తిని అధ్యక్షులవారు కొనియాడుతుండగానే అది మోగి, వ్యక్తిగత రుణం కావాలా అని సభను అడిగింది.

నిజాం కాలంలో ఈ నగరంలో హాలీ రూపాయి వేరు, బ్రిటిష్ వారి కల్దార్ రూపాయి వేరు. పేరు ఒకటే అయినా ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. ఆ మాత్రం మారకపు ధర కూడా రేటింగులకు లేదు. ఫిడే 1970లో స్వీకరించిన, అర్పాద్ ఎలో రూపొందించిన రేటింగు లెక్క, ఒకరితో ఒకరు ఆడుకునేవారి మధ్య తేడానే చెబుతుంది. 400 తేడా ఉంటే బలవంతుడికి వంద ఆటలకు 91 పాయింట్లు రావాలి. అందరికీ తలా వెయ్యి కలిపినా అందులో మారేదేమీ లేదు. యంత్రాల జాబితాల్లో స్టాక్‌ఫిష్ అనే చదరంగ యంత్రానికి 3500 పైన కనిపిస్తుంది, కానీ అది సాటి యంత్రాలను ఓడించి సంపాదించుకున్న హాలీ. 2006లో బాన్ నగరంలో అప్పటి ప్రపంచ విజేత క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ అనే యంత్రం చేతిలో 4-2తో ఓడిన తరువాత, మనిషీ యంత్రమూ సరిసమానంగా తలపడే పెద్ద పోటీలే దాదాపు ఆగిపోయాయి. ఇక మారకం ఎక్కడ జరగాలి? ఫోనులోని 2200 అయితే హాలీ కూడా కాదు. ఇరవై ఎత్తులు మహానుభావుడిలా ఆడి, ఇరవై ఒకటో ఎత్తులో మంత్రిని ఊరికే అప్పగించమని దానికి ముందే నేర్పి, తయారీదారు అంటించిన చీటీ అది.

మొన్న ఆదివారం ఆ బాబు నిజమైన రేటింగు టోర్నమెంటుకు వెళ్లి తొమ్మిది రౌండ్లలో రెండు పాయింట్లు తెచ్చుకున్నాడు. హాలు మెట్ల మీద తండ్రి, "మెషిన్‌నే కొట్టినోడివి, వీళ్ల చేతిలో ఓడిపోతావురా?" అని నిలదీస్తుంటే, వాడు బూటు లేసు విప్పుతూ, మళ్లీ కట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ వయసుకు రెండు పాయింట్లంటే మంచి ఆరంభం. ఆ మాట చెప్పవలసిన గురువు మూడు నెలల ఫీజు ముందే పుచ్చుకుని, ఆ పూట కనీసం ఫోనెత్తలేదు. సిగ్గులేని మనిషి! పసివాడి ఏడుపు మీద ఫ్లెక్సీలు కట్టుకుని బతకడమూ ఒక బతుకేనా?

నిన్న ఎవరో ఆ ఫ్లెక్సీ మీద 2200 పక్కన స్కెచ్ పెన్నుతో "హాలీ" అని రాశారట. సెక్రటరీగారు సీసీ కెమెరా రికార్డింగు తీయిస్తున్నారు. అందులో కనిపించబోయే చేతిగడియారం నాదేనని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.