స్వరం కట్టినవాళ్ల పేరు చెప్తే తప్పా?

ఇప్పుడే ఇంటికొచ్చాను, ఇంకా ఒళ్లు మండిపోతోంది. తిరుపతిలో పిల్లల సంగీతం పోటీ. మా చెల్లెలి కూతురు "నానాటి బదుకు" పాడడానికి నిలబడింది. పాడేముందు వివరాలు చెప్పాలి కదా, "రేవతి రాగం, ఆదితాళం, రచన అన్నమాచార్యులు, స్వరకల్పన నెడునూరి కృష్ణమూర్తి గారు" అని చక్కగా చెప్పింది. న్యాయనిర్ణేతగా కూర్చున్న ఒకాయన మైకు అందుకుని "అన్నమయ్య పాటకు మధ్యలో ఇంకొకరి పేరెందుకమ్మా, ఆయన పేరొక్కటి చెప్పు చాలు" అన్నాడు. హాల్లో నలుగురు నవ్వారు. పిల్ల పల్లవి దగ్గరే తడబడింది. బయటికొచ్చాక "మామా, నేను తప్పు చెప్పినానా?" అని అడిగింది.

తప్పేముంది అందులో? పాటల పోటీకి మార్కులు వేసే మనిషికి అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకుల్లో ఏముందో తెలియకపోవడం తప్పు. రేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. అన్నమయ్య ఎలా పాడాడో ఆ రేకులు చెప్పవు. కొండ మీద సంకీర్తనా భండారంలో శతాబ్దాల పాటు పడి ఉన్న ఆ రేకులు 20వ శతాబ్దంలో బయటికొచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారిలాంటి వాళ్లు కళ్లు పోయేలా చదివి అచ్చుకు ఎక్కించారు. 12 వేలకు పైగా పాటలు! అచ్చయినంత మాత్రాన అవి పాటలైపోయాయా? ఎవరో ఒకరు కూర్చుని పాడుకోవాలి, మాట ఎక్కడ విరిగితే అర్థం చెడుతుందో చూసుకోవాలి, ఏ అక్షరం మీద సాగదీయాలో తేల్చుకోవాలి, చరణం నుంచి పల్లవికి సాఫీగా దిగేలా చూసుకోవాలి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మైసూరులో ఉద్యోగం ముగించుకుని తిరుపతికి వచ్చి చేసింది ఆ పనే. హాయిగా విశ్రాంతి తీసుకోవాల్సిన వయసు అది.

నెడునూరి గారు రేవతిలో కట్టారు కాబట్టే "నానాటి బదుకు" మన గుండెల్లో అలా దిగింది. సప్తస్వరాల్లో గాంధారం లేదు, ధైవతం లేదు, ఐదే స్వరాలు. బతుకు నాటకమని చెప్పే మాటకు ఆ ఖాళీలే ప్రాణం పోశాయి. ఆ ఎంపిక ఒక మనిషిది, మొన్నమొన్నటి దాకా మన మధ్య తిరిగిన మనిషిది. 2014లో పోయారాయన.

గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారి సంగతి తలుచుకుంటే ఇంకా కడుపు మండుతుంది. "వినరో భాగ్యము" వరస ఆయనదని ఈ ఊళ్లో ఎంతమందికి తెలుసు? ఆరు వందలకు పైగా సంకీర్తనలకు స్వరాలు కట్టి, ఈ తిరుపతిలోనే 2025 మార్చిలో కన్నుమూశారు. ఆయన కట్టిన వరసలు తెల్లారి లేస్తే మన చెవిలో పడుతూనే ఉంటాయి, పాడేవాళ్లు మాత్రం "సంప్రదాయ కీర్తన" అని తేల్చేస్తారు. ఆ సంప్రదాయం ఆయన దగ్గర పుట్టింది బాబూ!

త్యాగయ్య 1847లో పోయాడు, దాంతో సంగీతం కూడా పోయిందని నమ్మే బ్యాచ్ ఒకటి ఉంది. నాకు వీళ్లతో పాత పగ. చిన్నప్పుడు మా సంగీతం సారును బాలమురళి తిల్లానా నేర్పమని అడిగితే అందరి ముందు కసురుకున్నాడు. నాలుగు స్వరాలతో రాగమేంది, అదంతా గారడీ అన్నాడు. బాలమురళి సృష్టించిన మహతి రాగం గురించి ఆ మాట! స, గ, ప, ని, అంతే, ఆ నాలుగింటితో ఆయన ఒక లోకం కట్టాడు. 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రాసిన మనిషిని పట్టుకుని గారడీ అంటారా? ఆరోజు నోరు మూసుకున్నాను, సారు కదా అని. ఇప్పటికీ ఆ తిల్లానాలు నేను సీడీలు విని నేర్చుకున్నవే, ఏ గురువూ కూర్చోబెట్టి చెప్పలేదు.

సరే, అన్నమయ్య దగ్గర భక్తి అడ్డం వచ్చింది, బాలమురళి దగ్గర అసూయ అడ్డం వచ్చింది అనుకుందాం. మరి చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై గారు ఏం పాపం చేశారు? పుంగనూరులో పుట్టి, కాంచీపురం నాయనా పిళ్లై గారి దగ్గర నేర్చుకుని, 1954లోనే మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ల సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. మధురై సోము అంతటి గాయకుడికి గురువు. సొంతంగా కృతులు కట్టారు. చిత్తూరు పేరును తన పేరు ముందు పెట్టుకుని మద్రాసు సభల్లో పాడారు. మన చిత్తూరులో పిల్లలకు ఆయన ఎవరో చెప్పేవాళ్లు లేరు. పాఠం దొరకదు, నేర్పేవాళ్లు దొరకరు. ఎన్నాళ్లుగానో అడుగుతున్నాను. ఆయన కృతి ఒక్కటైనా స్వరాలతో సహా చెప్పగలిగిన మాస్టారు చిత్తూరు, పుంగనూరు, తిరుపతి చుట్టుపక్కల ఎవరైనా ఉంటే కింద కామెంట్లో పెట్టండి. ఫీజు ఎంతైనా పర్వాలేదు, పాపను తీసుకుని నేనే వస్తాను.