సంభాషణలో తప్పు దొర్లితే కాపలా కన్నా వెనకడుగే మేలు

ఫైలు పంపడం వేరు, రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవడం వేరు. ఫైలు మొత్తం ముందే చేతిలో ఉంటుంది. అదనపు బిట్లు (0, 1 అంకెలు) కలిపి పంపితే, దారిలో కొన్ని చెడినా అవతల సరిచేసుకోవచ్చు. 1948లో గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ పునాది వేసింది దీనికే. సంభాషణలో ఆ వెసులుబాటు లేదు. నేను పంపాల్సిన మూడో బిట్ ఏమిటో నీ రెండో బిట్ వచ్చాకగానీ తేలదు. ఆ రెండోది తప్పుగా అందిందా, తర్వాత ఒక్క బిట్ చెడకపోయినా మిగతాదంతా వృథా.

ప్రతి బిట్‌నూ మూడుసార్లు పంపి, మెజారిటీ చూస్తే చాలదా? బిట్ చెడే అవకాశం 1 శాతమైతే, మూడింట్లో కనీసం రెండు చెడే అవకాశం సుమారు 0.0003. 1000 బిట్ల సంభాషణలో ఎక్కడో ఒకచోట పొరపాటు పడే అవకాశం మాత్రం 26 శాతం దాకా తేలుతుంది. ఐదుసార్లు పంపితే అది 1 శాతానికి దిగుతుంది, వేగమూ ఐదో వంతుకు పడిపోతుంది. పైగా దారిలో కాపుకాసి, చోటు చూసి కావాలనే బిట్లు చెడగొట్టే శత్రువుకు ఐదింట్లో మూడు చాలు.

1990ల మొదట్లో కంప్యూటర్ శాస్త్రవేత్త లియొనార్డ్ షుల్మన్ దీనికి ట్రీ కోడ్‌తో దారి చూపారు. అందులో ప్రతి గుర్తూ అప్పటిదాకా పంపినదంతటి మీదా ఆధారపడుతుంది కాబట్టి, పాత తప్పు ముందుకు పోయేకొద్దీ బయటపడుతుంది. 2011లో మార్క్ బ్రేవర్మన్, అనూప్ రావు తట్టుకోగల తప్పుల వాటాను దాదాపు నాలుగో వంతుకు చేర్చారు. ఎవరి వంతు ఎప్పుడో ముందే ఖాయమైతే అదే హద్దు: తక్కువ మాట్లాడేవారి వాటా సగానికి మించదు, అందులో సగం చెడిపోతే వారి మాట రెండు అర్థాల మధ్య ఊగిసలాడుతుంది.

ట్రీ కోడ్ అందం కాదనలేం. కానీ తప్పులు అరుదైన చోట దానికన్నా వెనకడుగు పద్ధతే నయమని నా అభిప్రాయం. ఒక ముక్క, అంటే కొన్ని బిట్లు, ఏ రక్షణా లేకుండా మాట్లాడుకుని, అప్పటిదాకా నడిచినదాని నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తు, అంటే హ్యాష్‌ను ఇద్దరూ పోల్చుకుంటారు. తేడా వస్తే వెనక్కి వెళ్తారు. కిటుకంతా ముక్క పొడవులోనే ఉంది. 10,000 బిట్లకు ఒకటి చెడుతుందనుకుందాం. ముక్క 10 బిట్లయితే తనిఖీ ఖర్చే మాటంత అవుతుంది. 1000 అయితే సుమారు పదింట ఒక ముక్క పారేయాలి. తప్పు రేటు వర్గమూలానికి విలోమం, అంటే 100 దగ్గర రెండు నష్టాలూ తూగుతాయి. 2014లో బెర్న్‌హార్డ్ హ్యూప్లర్ ఈ పద్ధతితో సాధ్యమని చూపిన వేగానికి మూలం ఈ లెక్కే.

అసలు చిక్కు హ్యాషే చెడినప్పుడు. ఒకరు వెనక్కి వెళ్తారు, మరొకరు ముందుకు పోతారు, ఇద్దరి చరిత్రల పొడవూ తేడా వస్తుంది. పొడవును ప్రతిసారీ అంకెగా పంపితే అదే బరువు. అందుకే 2, 4, 8 ముక్కల గుణిజాల దగ్గర మజిలీలు ముందే ఒప్పుకుని, తేడా తీరకపోతే ఇంకాస్త వెనక మజిలీలో కలుస్తారు. చిన్న హ్యాష్ ఒకసారి మోసపోయినా ఫర్వాలేదు, ప్రతి తనిఖీకీ కొత్త సీడ్ (హ్యాష్ లెక్కను మార్చే యాదృచ్ఛిక అంకె) వాడితే తర్వాతి విడతల్లో దొరికిపోతుంది. సీడ్ మార్చకపోతే మాత్రం అదే తప్పు ప్రతిసారీ కన్నుగప్పుతుంది.